పసుపు రైతునే, అయినా ఒక మాట చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్తే,

మాది దుగ్గిరాల పక్కన పల్లెటూరు, ముప్పై ఏళ్లుగా పసుపు వేస్తున్నాం, కాబట్టి మీ ఆరోగ్యం పేజీలో పసుపుని పొగిడితే ముందు సంతోషపడాల్సింది నేనే, రేటు పెరిగితే లాభం కూడా నాకే కదా. అయినా ఉండబట్టలేక రాస్తున్నా. రక్తనాళాల్లో వాపు తగ్గించే వంటింటి దినుసులు అంటూ ఏదో ఒకటి వస్తూనే ఉంటది, ఎంత తినాలి, ఎవరు తినకూడదు అన్నది మాత్రం నాకైతే ఒక్కసారీ కనపళ్లేదు.

పోయినేడు మా పెద్దన్నయ్యకి స్టెంట్ వేశారు. నెల తర్వాత చూడ్డానికెళ్తే రక్తం పలచబడే బిళ్లల పక్కనే పసుపు క్యాప్సూల్స్ డబ్బా, ఎవరో చెప్తే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడంట, మూత తీస్తే అచ్చం మా కళ్లం వాసన. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం, మోచేతుల మీద కమిలిన మచ్చలు. అది స్టెంట్ బిళ్లల వల్లే కావచ్చు, క్యాప్సూల్ పనే అని నేననను, డాక్టర్ గారు మాత్రం రెండూ కలిపి వద్దని ఆ డబ్బా ఆపించేశారు. అన్నయ్యేమో "పసుపేగా, ఏం చేస్తదిరా" అంటాడు. కూరలో పసుపు వేరు, డబ్బాలో పసుపు వేరు సార్. కొమ్ముల్లో కర్క్యుమిన్, అంటే పసుపుకి ఆ రంగూ గుణమూ ఇచ్చే పదార్థం, ఉండేది నూటికి మూడు పాళ్లు, అటూ ఇటుగా, కూరలో వేసే అర చెంచాకి ఎంతొస్తదో మీరే లెక్కేస్కోండి, అదీ పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. అందుకనే క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతారు, 1998లో బెంగళూరు డాక్టర్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే ఆ మిరియాల సారమే, కలిపి ఇస్తే ఒంటికి పట్టేది 20 రెట్లు పెరిగింది. ఆ మిరియాల సారం పసుపు ఒక్కదాన్నే కాదు, కొన్ని మందుల్ని కూడా మామూలు కంటే ఎక్కువ ఎక్కిస్తుంది. అన్నయ్య డబ్బా అటూ ఇటూ తిప్పి చూశా, ఆ ముక్క ఎక్కడా లేదు.

మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది, ఈ లెక్కలన్నీ అది చూపించినవే. ఇంకోటి కూడా చెప్పింది. మొక్కలోంచే వచ్చి, రక్తనాళాల వాపు మీద వేలమంది గుండె జబ్బు వాళ్లలో పరీక్షకి నిలబడ్డ మందు ఒకటుందంట, కోల్చిసిన్, ఎప్పట్నుంచో గౌట్ అనే కీళ్ల వాపు నొప్పులకి ఇచ్చే చిన్న బిళ్ల. వాపంటే కాలు వాచినట్టు పైకి కనపడేది కాదు, నాళం గోడలో కొవ్వు పేరుకున్న చోట తెల్లకణాలు చేరి లోలోపల రగిలే మంట, ఈ మందు ఆ కణాల్ని కదలనివ్వదు. 2019లో కోల్‌కాట్ అనే పరీక్షలో, గుండెపోటు వచ్చిన నెల లోపు 4,745 మందిని తీసుకుని సగం మందికి రోజూ అర మిల్లీగ్రాము ఇచ్చారు, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి 7.1 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. 2023లో అమెరికా వాళ్లు గుండెకి వాడొచ్చని అనుమతి కూడా ఇచ్చారు. తీరా 2024లో ఇంకా పెద్ద పరీక్ష చేస్తే, ఏడు వేల మంది మీద, లాభం కనపళ్లేదు! అంటే డాక్టర్లలోనే ఇంకా వాదన తెగలేదు, మనం మాత్రం అల్లం టీతో పూడికలు కరిగించేస్తున్నాం.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఆ కోల్చిసిన్ మన అడవి నాభిలో ఉంటది, అగ్నిశిఖ అని కూడా అంటారు, ఆకు కొసే తీగలా చుట్టుకుని కంచె ఎక్కుతుంది, పువ్వు మంటలాగా ఎరుపూ పసుపూ. తమిళనాడులో గింజల కోసం పొలాల్లో పందిరేసి మరీ పండిస్తారు. మా కాలవ గట్టు మీద వానాకాలంలో పూస్తుంది, పిల్లలు తెంపుకొచ్చి ఆడుకుంటారు. దాని దుంప విషం, తిని చనిపోయిన వాళ్లున్నారు. బిళ్ల కూడా అర మిల్లీగ్రాము దాటితే విరేచనాలు మొదలవ్వచ్చు, కిడ్నీ బాగోలేని వాళ్లకి, కొన్ని యాంటీబయాటిక్స్ వాడేవాళ్లకి ఇంకా ప్రమాదం.

రేపు ఎవరో ఒకరు "గుండెకి మేలు చేసే అడవి మొక్క" అని కషాయంతో సహా రాసి పంపిస్తారు మీకు. వేసే ముందు ఒక డాక్టర్‌కి చూపించండి సార్, పువ్వు ఫోటో వేస్తే దాని కిందే దుంప విషం అని పెద్దక్షరాల్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక పసుపు రైతు,
దుగ్గిరాల మండలం