పేరు రాయవద్దన్న ఆ సోదరికి కృతజ్ఞతలు

అనంతపురంలోని మా వేరుశనగ నూనె మిల్లు లెక్కలన్నీ ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ బారిన పడిన నాడు, ముగ్గురే పనిచేసే ఒక చిన్న కంప్యూటర్ భద్రతా సలహా సంస్థ నుంచి వచ్చి ఆదుకున్న, తన పేరు రాయవద్దని కోరిన ఆ సోదరికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఆమె ముందుగా నెట్‌వర్క్ కేబుల్ తీయించి, డబ్బు చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదని వివరించి, ఇంటి నుంచి పని చేసుకునేందుకు మేమే తెరిచి ఉంచిన 3389 పోర్టు (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి) గుండా, పాస్‌వర్డ్‌ను ఊహించి దొంగలు చొరబడ్డారని లాగ్‌లు (కంప్యూటర్‌లో నమోదైన రాకపోకల వివరాలు) చూపి నిరూపించారు. (ఆ పాస్‌వర్డ్ మా మిల్లు పేరే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.) ఇలాంటి దాడిని 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న 2022 నాటి ఆదేశాన్ని గుర్తుచేసిందీ ఆమే. బీరువాలో మరచిపోయిన హార్డ్ డిస్కులో పాత నకలు దొరకగా, మిగిలిన బిల్లులను ఆమె సహచరులిద్దరూ మాతో కూర్చొని, పొద్దుపోయేదాకా కాగితాలు చూసి ఎక్కించారు. రుసుము మాత్రం ఒక్క రోజుకే తీసుకున్నారు.