మా డ్రైవింగ్ మేడమ్ గారికి

పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

లైసెన్సు చేతికొచ్చినా నేను కాలనీ దాటి కారు తీసింది లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డంటే మరీ హడల్. అక్కడ మీరు ముందు ఎడమ వరుసల్లో 80 లోపే నడిపించారు. 120 దాకా వెళ్లగలిగే కుడి వరుసల జోలికి తొందరపడవద్దన్నారు. అలాగని 40కి తగ్గడానికీ వీల్లేదన్నారు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది ర్యాంపు పాఠం: ప్రధాన రహదారిలో కలిసే చోట ఆగిపోకూడదు, ర్యాంపు మీదే వేగం అందుకోవాలి. అద్దం, ఇండికేటర్, భుజం మీదుగా ఒక చూపు, ఆ తర్వాతే స్టీరింగ్. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మనం అక్కడికి చేరేలోగా మూడు సెకన్లు లెక్కపెట్టించేవారు. వానలో ఇంకా ఎక్కువ. లారీ అద్దాలు మనకు కనిపించకపోతే డ్రైవరుకు మనమూ కనిపించనట్టే అన్న మాటకు మా నాన్నగారు కూడా తల ఊపారు. ఆయన అంత తేలిగ్గా ఎవరినీ మెచ్చుకోరు.

మీ వైపూ బ్రేకు ఉంది. అయినా నా చేతే తొక్కించారు, ఒక్కసారీ అరవకుండా. ఈ సంక్రాంతికి అమ్మను విజయవాడకు నేనే తీసుకెళ్లాను. మీకు పూతరేకులు పంపమంటోంది, చిరునామా చెప్పండి.