లేసు టాపులు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

అందరికీ నమస్కారమండి. కొక్కెం సూదితో చేత్తో అల్లే క్రోషే లేసు టాపులు ఆర్డర్ ఇచ్చినవాళ్లు "ఇంకా ఎన్నాళ్లు?" అని అడుగుతున్నారు. ఉన్నమాట చెప్పేస్తాను. ఇకమీదట ఒక్కో టాపుకి 6 వారాలు పడుతుంది, ధర కూడా కొంత పెరుగుతుంది. దారానికీ మనుషులకీ లోటేమీ లేదు. పుస్తకంలో డిజైన్ చూసి ఒంటికి వేసుకునే బట్ట అల్లడం మొదలుపెట్టాక, ఆ పని హడావిడిగా ముగించాలని నాకు గానీ మా దగ్గర అల్లే అక్కలకి గానీ అనిపించడం లేదు.

మా నరసాపురం వైపు లేసు 1844 ప్రాంతంలో మిషనరీల ద్వారా వచ్చిందంటారు. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తింపు కూడా వచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కువగా అల్లినవి టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, అంచులు. ఆ పద్ధతిలో ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు. పువ్వులు అల్లిన మనిషి పూర్తయిన దుప్పటిని చూడకపోవచ్చు కూడా. టాపులో మెడ దగ్గర మొదటి చైన్ కుట్టు వేసిన చెయ్యే కింద అంచు దాకా దిగుతుంది. అల్లిన మనిషే దాన్ని పట్టుకుని చూస్తుంది. నాకు అది చాలా పెద్ద విషయం.

మేం ఎక్కువగా వాడేది జపాన్ పుస్తకాలు. భాష రాకపోయినా పర్వాలేదు, అంతా గుర్తుల్లోనే ఉంటుంది. చిన్న కోడిగుడ్డు ఆకారం ఉంటే చైన్, నిలువు గీత మీద అడ్డగీత ఉంటే పొడుగు కుట్టు. ఇంగ్లిష్ పుస్తకాలతోనే అసలు తిప్పలు. బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అనే కుట్టుని అమెరికా వాళ్లు సింగిల్ అంటారు. పుస్తకం ఎక్కడిదో చూసుకోకుండా సూది పట్టుకుంటే లేసు తీరే మారిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది అనాసపండు డిజైన్ టాపు. అడుగున పొడుగు కుట్లు విసనకర్రలా పరుచుకుంటాయి. వాటి మీద చిన్న చిన్న చైన్ గొలుసులు వస్తాయి. పై వరసకి వెళ్లేకొద్దీ ఒక్కో గొలుసు తగ్గి, చివరికి ఒక్కటే మిగిలి కొస తేలుతుంది. ఎక్కడైనా ఒక గొలుసు లెక్క తప్పితే కొస పక్కకి ఒరుగుతుంది. అందుకే ఆ వరసలు వచ్చేసరికి మా వసారాలో మాటలు ఆగిపోతాయి. కొస సరిగ్గా కూర్చోగానే "వచ్చిందే!" అని పక్కవాళ్లకి ఎత్తి చూపిస్తారు. ఎన్నిసార్లు అల్లినా ఆ సంబరం తగ్గదు.

టైమంతా తినేసేది కొలత. పుస్తకంలో 10 సెంటీమీటర్లకి 32 కుట్లు అని ఉందనుకోండి. బిగించి అల్లే చేతికి అందులోనే 35 పడతాయి. అలాగే అల్లుకుపోతే 90 సెంటీమీటర్ల ఛాతీ టాపు 82కి వచ్చేస్తుంది. అందుకని ప్రతి ఆర్డర్‌కీ, ఆ టాపు అల్లబోయే మనిషి చేతే ముందు ఒక నమూనా ముక్క అల్లిస్తాం. దాన్ని తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెడతాం. ఆరాక గానీ లేసు విచ్చుకోదు, అసలు కొలత అప్పుడే తెలుస్తుంది. ఒక్కోసారి సూది సైజు మార్చి మళ్లీ అల్లాలి. ఆ కూలి కూడా ధరలో కలిపాను. ఇన్నాళ్లూ ఆ పనికి విడిగా డబ్బు లేదు, ఉండాలి.

"మెషీన్ మీద చేయించి తక్కువకి ఇవ్వొచ్చు కదా" అని కొందరు ప్రేమగానే సలహా ఇస్తున్నారు. క్రోషే లేసులా కనిపించేది మెషీన్ మీద వస్తుంది గానీ, ఒక్కో కుట్టునీ సూదితో లాగి ముగించే అసలు క్రోషే చేతితోనే అల్లాలి. మెషీన్ లేసు చవకగా దొరుకుతుంది, కావాలంటే నిరభ్యంతరంగా కొనుక్కోండి. మా దగ్గర మాత్రం ఉండదు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకి పాత ధరే. 6 వారాలు ఆగలేనివాళ్లు చెబితే మొత్తం వాపసు ఇస్తాను, మొహమాటపడకండి. క్రిస్మస్‌కి చిన్నపిల్లల గౌన్లు కావాలంటే అక్టోబరు లోపే చెప్పండి. తెలుపు, మీగడ రంగు దారాలు మాత్రమే ఉన్నాయి. కొలతలు పంపేటప్పుడు ఛాతీ, భుజం, పొడవుతో పాటు లోపల వేసుకునే లైనింగ్ రంగు కూడా రాయండి. ముదురు రంగు అయితే డిజైన్ బాగా కనపడుతుంది, కొంచెం సన్నదారం వాడతాం.