బోర్డు మారితే పార్టీ కొత్తదా?

సంపాదకులకు నమస్కారం.

దక్షిణ కొరియా డెమోక్రటిక్ పార్టీ 2014లో పుట్టిందని ఆదివారం మీ పత్రికలో చదివాను. కాగితాల మీద అది నిజమే. కానీ అక్కడి సువాన్ నగరంలో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మా ఇంటి ఓనరు తాతగారి లెక్క 1955 నుంచి మొదలయ్యేది. ఆ పార్టీ కూడా 2015లోనే అరవై ఏళ్ల పండగ చేసుకుంది.

1955లో అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి ఎదురుగా డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో "బతకలేకపోతున్నాం, మార్చేద్దాం" అన్నది దాని నినాదం. పోలింగు పది రోజులుందనగా, ప్రచారానికి రైల్లో వెళ్తూ అభ్యర్థి షిన్ ఇక్-హీ చనిపోయారు. 1960లో నిలబెట్టిన చో బ్యోంగ్-ఓక్ కూడా ఎన్నికలకు సరిగ్గా నెల ముందు పోయారు. ఎంత దురదృష్టమో చూడండి!

తర్వాత మార్చుకున్న పేర్లన్నీ నాకు గుర్తుండవు. చీలికలు, విలీనాలు మనం చూడనివా! 1987 అధ్యక్ష ఎన్నికల్లో మాత్రం ప్రతిపక్ష నేతలు కిమ్ యంగ్-సామ్, కిమ్ డే-జంగ్ ఎవరికి వారే పోటీకి దిగడంతో మాజీ జనరల్ రో టే-వూ 37 శాతం ఓట్లు కూడా రాకుండానే గెలిచారు. ఈ మాట వస్తే చాలు, తాతగారు చేతిలో చెంచా గిన్నెలో పడేసేవారు. 1990లో కిమ్ యంగ్-సామ్ అదే రో టే-వూతో కలిసిపోయారు. కిమ్ డే-జంగ్ 1997లో అధ్యక్షుడిగా గెలిచారు. అధికార పార్టీ నుంచి ప్రతిపక్షానికి శాంతియుతంగా పగ్గాలు మారడం అక్కడ అదే మొదటిసారి.

ఈసారి రాసేటప్పుడు 1955 కూడా వేయండి.

- ఓ పాఠకుడు, అనంతపురం