గడియారం ఎలాంటిదని అడిగిన ఆవిడకు

నిన్న సాయంత్రం అమ్మను ఇంటికి తీసుకొచ్చాం. తొమ్మిది రాత్రులు ఆసుపత్రిలోనే గడిచాయి. కళ్లు మూతలు పడుతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోలేను. నేను ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలో ఆవిడ పేరైనా నాకు తెలియదు. ఎక్కడో ఒకచోట ఆవిడ కంట పడుతుందేమోనన్న ఆశతో రాస్తున్నాను.

అమ్మకు ఐదేళ్లుగా ఆల్జీమర్స్. అడిగిందే అడగడం, పొద్దు వాలేసరికి కంగారు పెరగడం, ఇంట్లోనే ఉండి "ఇంటికి వెళ్దాం" అనడం, వీటికి మేం అలవాటు పడ్డాం. ఈసారి వచ్చింది వేరు. రెండు రోజుల్లో మనిషే మారిపోయింది. నిద్ర లేదు. గదిలో లేనివాళ్లతో మాటలు. చేయి పట్టుకోబోతే విదిలించి కొట్టడం. ఆసుపత్రిలో చేర్చిన మూడో రాత్రి, ఒంటిగంట దాటాక, మంచం మీద లేచి కూర్చుని నన్ను చూపిస్తూ కేకలు పెట్టింది. "ఈవిడెవరో నాకు తెలియదు. నా గడియారం తీసేసింది. ఎవరైనా పట్టుకోండి!"

వార్డంతా లేచి నన్నే చూసింది. ఎవరో గట్టిగా విసుక్కున్నారు. "ఎవరూ తీయలేదమ్మా, నేను నీ కూతుర్నమ్మా" అని నేను చెబుతూనే ఉన్నాను. నా గొంతు పెరిగిపోతోందని నాకే తెలుస్తోంది, అయినా ఆపుకోలేకపోతున్నాను.

అప్పుడు పక్క మంచం పెద్దాయనకు తోడుగా ఉన్నావిడ తన స్టూలు మా వైపు జరుపుకుని కూర్చున్నారు. నావైపు చూడనేలేదు. "గడియారం పోయిందా అక్కా? ఎలాంటిది?" అని అమ్మను అడిగారు.

అమ్మ కేకలు ఆపింది. "చిన్నది. గుండ్రంగా ఉంటుంది. మొదటి జీతంతో కొనుక్కున్నాను. పొద్దున్నే నేనే కీ ఇస్తాను."

"పట్టీ నల్లదా?"

"కాదు, గోధుమరంగు. నా చేయి సన్నం కదా, పట్టీకి ఇంకో చిల్లు నేనే పొడిచాను, సూది కాల్చి."

ఆ గడియారాన్ని నేనెప్పుడూ చూడలేదు. దాని గురించి వినను కూడా లేదు. ఈ జబ్బు మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే చోటును ముందు దెబ్బతీస్తుందనీ, పాతవి చాలాకాలం మిగిలే ఉంటాయనీ నేను చదివాను, ఇతరులకు చెప్పాను కూడా. కానీ ఐదేళ్లుగా అమ్మ గడియారం పోయిందన్న ప్రతిసారీ పోలేదని వాదించానే తప్ప, ఏ గడియారమమ్మా అని ఒక్కసారీ అడగలేదు. గోడవైపు తిరిగి ఏడ్చేశాను.

ఆవిడ అమ్మ చేతికి నాలుగు తువ్వాళ్లు ఇచ్చి, "ఇవి మడత పెట్టిపెడతారా అక్కా?" అన్నారు. అమ్మ అంచుకు అంచు కలిపి, అరచేత్తో సాపు చేసి మడిచింది. ఆవిడ వాటిని మెల్లగా విప్పి మళ్లీ ఇచ్చారు. నాతో ఒకే మాట అన్నారు: "మీరు పడుకోండమ్మా. నేను మేలుకునే ఉంటాను."

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. రెండు మంచాల నడుమ అదే స్టూలు మీద ఆవిడ కూర్చుని ఉన్నారు. ఒక చేయి భర్త దుప్పటి మీద, రెండో చేయి నిద్రపోతున్న అమ్మ చేతిలో. ఆ మధ్యాహ్నం నేను మందులకు వెళ్లి వచ్చేలోపు వాళ్లను ఇంటికి పంపేశారు.

అన్నయ్యా, వదినా, మావారూ, పిల్లలూ పగలంతా నిలబడ్డారు. వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక మాట మాత్రం మింగుకోలేకపోతున్నాను. ఆసుపత్రిలో మూడు రోజులు "ఈ వయసులో అంతే" అన్నారు. రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది వయసు ఎలా అవుతుంది? నాలుగో రోజున ఒక చిన్న డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించారు. ఇన్‌ఫెక్షన్, దానివల్ల వచ్చిన డెలీరియం, అంటే ఒంట్లో బాగోక మెదడు ఉన్నట్టుండి గందరగోళపడటం. సరైన మందు పడ్డాక అమ్మ కాస్త కాస్తగా తిరిగొచ్చింది. ఇంకోటి, ఆసుపత్రివాళ్లు మాత్రలు వేసుకున్నారా అని అమ్మనే అడిగి, ఆమె తలూపితే వేసుకున్నట్టు రాసుకున్నారు! అమ్మకున్న ఆల్జీమర్స్‌ను ఆల్జీమర్ అనే డాక్టరు 1906లోనే వివరించారు. 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో, అంటే ఆల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులతో, ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇంతమంది ఉన్నా, పక్కనే కూర్చున్న మనిషిని అడగాలని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. రాత్రి తోడుండే మనిషి మారడానికీ ఒప్పుకోలేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందుల పేర్లున్నాయి. ఇలా మళ్లీ జరిగితే ముందుగా ఎలా గుర్తుపట్టాలో లేదు.

ఆ డాక్టరమ్మకు నమస్కారం. ఆమె పేరూ అడగలేదు, అదీ నా తప్పే.

అయ్యో, మందుల దుకాణంలో అబ్బాయిని మరిచాను. ప్రతి అట్ట మీదా పొద్దున, రాత్రి అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. తొమ్మిది రోజులూ మా ఇంటి తాళాలు ఉంచుకున్న ఎదురింటివారు. ఇంకా, మాసిన దుప్పట్ల మూటలో చుట్టుకుపోయిన అమ్మ కళ్లద్దాలను మూట మొత్తం విప్పి వెతికి తెచ్చిన ఆయా. అవి పెట్టుకున్నాకే అమ్మ నా ముఖంలోకి తేరిపార చూసి, "ఇలా చిక్కిపోయావేమిటే?" అంది.