గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా?

సభ్యులందరికీ నమస్కారం. గురక పెట్టే మనిషి హాయిగా నిద్రపోతున్నాడని అనుకుంటాం గానీ, ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ మొదలవుతుంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవడంతో ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు మనిషిని కుదిపి లేపుతుంది. ఇలా గంటకు 5 నుంచి 15 సార్లు జరిగితే స్వల్పమనీ, 30 దాటితే తీవ్రమనీ వైద్యులు లెక్కిస్తారు. నిద్రపోయేవారికి ఇవేవీ గుర్తుండవు కాబట్టి పక్కన పడుకునేవారి మాటే తొలి సాక్ష్యం.

చికిత్స లేకుండా వదిలేస్తే మందులకు లొంగని రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం, మధుమేహం వంటి ముప్పులు పెరుగుతాయి. నన్ను అన్నింటికన్నా భయపెట్టేది మాత్రం, రాత్రి నిద్ర తెగిపోతుండటం వల్ల పగలు స్టీరింగ్ ముందు పట్టే కునుకు. దానికి బలయ్యేది ఆ ఒక్కరే కాదు.

నిర్ధారణకు సాధారణంగా ఒక రాత్రి స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదు చేసే పరీక్ష) సరిపోతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ బృందం 1981లో వెల్లడించిన సీప్యాప్ అనే చికిత్స పద్ధతిలో, ఒక చిన్న యంత్రం మాస్కు ద్వారా నిలకడైన ఒత్తిడితో గాలిని పంపి శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచుతుంది. మొదట్లో మాస్కు ముక్కు మీద ఒరుసుకుని చికాకు పెడుతుంది, నిజమే. పట్టీలు సరిచేయించుకుని అలవాటు పడితే పగటి మగత తగ్గుతుంది, రక్తపోటూ కొంత దిగుతుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం కూడా తోడ్పడతాయి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి, వాటిలో కొన్ని శ్వాసను మరింత మందగింపజేస్తాయి.