కుర్చీ పక్కన నిలబడేవారికి చదువు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శక్తినంతా దాదాపు ఒకే పని మీద పెట్టాం. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి పళ్ళ ఆసుపత్రుల్లో పనిచేసే డెంటల్ అసిస్టెంట్లకు కంప్యూటర్, డిజిటల్ ఎక్స్‌రే, రోగుల రికార్డుల పనిలో శిక్షణ ఇప్పించాం. జర్మనీలోని ఒక వృత్తి విద్యా పాఠశాల టీచర్లు ఇందులో మనకు తోడున్నారు. కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను. మిగతా పనులు చివర్లో నాలుగు మాటల్లో చెబుతాను.

ఈ ఆలోచన నా పొరపాటుతో మొదలైంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నేను పనిచేసే చోటికి ఇద్దరు సూర్యనారాయణలు వచ్చారు. అరసవల్లి స్వామి పేరు మన జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉంటుంది. పేరు టైప్ చేయగానే తెర మీద మొదట కనిపించినదాన్ని నొక్కేశాను. ఒకరి ఎక్స్‌రే ఇంకొకరి పేరు మీద సేవ్ అయింది. మత్తు ఇంజక్షన్ ఇవ్వబోయే ముందు డాక్టరుగారు ఇంకోసారి నోట్లోకి చూసి, ఫొటోలో ఉన్న పన్నుకీ ఈ పన్నుకీ పోలిక లేదని ఆగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన చూడకపోయి ఉంటే ఒక మంచి పన్ను పోయేది.

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నోట్లో నీరు లాగే సక్షన్ పట్టుకోవడం, సిమెంట్ కలపడం, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పెట్టడం అన్నీ పక్కవాళ్లను చూసి నేర్చుకున్నవే. కంప్యూటర్ మాత్రం చూసి నేర్చుకుందామన్నా పక్కన తెలిసినవాళ్లు లేరు. ఒకరోజు తెచ్చి బల్ల మీద పెట్టారు. కంపెనీ కుర్రాడు ఒక గంట చూపించి వెళ్లిపోయాడు. మనలో చాలామందిది ఇదే కథ అని గత సర్వసభ్య సమావేశంలో ఒక్కొక్కరూ లేచి చెప్పినప్పుడు తెలిసింది.

1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టర్లతో పాటు డెంటల్ హైజీనిస్టులకు, డెంటల్ మెకానిక్కులకు రిజిస్టర్లు పెట్టింది. కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంటుకు అందులో చోటు లేదు. బ్రిటన్‌లో 2008 నుంచి డెంటల్ నర్సులు తమ పేరు రిజిస్టర్ చేయించుకోవాలి. జర్మనీలో ఇదే పనికి మూడేళ్ల చదువుంది. కొన్ని రోజులు క్లినిక్‌లో పని, కొన్ని రోజులు బడిలో పాఠం. ఆ చదువుకు 2022 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డిజిటల్ పని, డేటా రక్షణ ఇప్పుడు అందులో పాఠాలే. మన సభ్యురాలి కూతురు అక్కడ నర్సుగా పనిచేస్తోంది. ఆ అమ్మాయే తన ఊళ్లోని పాఠశాలకు వెళ్లి మన సంగతి చెప్పింది. వాళ్లు డబ్బు ఇస్తామనలేదు, మనం అడగలేదు. పాఠాలు, టీచర్ల సమయం వాళ్లవి. గది, ఇంటర్‌నెట్, తెలుగు చేయడం మనవి. రెండు వైపులా ఒక ఉత్తరం మీద సంతకాలు చేసుకున్నాం.

క్లాసులు ఎప్పుడు పెట్టాలన్నది మొదటి చిక్కు. మన ఆసుపత్రులు పొద్దున, మళ్ళీ సాయంత్రం నడుస్తాయి. మధ్యాహ్నం కాస్త ఖాళీ. మనకు రెండున్నర అయితే వేసవిలో వాళ్లకు ఉదయం పదకొండు. ఇద్దరికీ కుదిరింది. అక్టోబరు చివర వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారని మనకు ఎవరూ చెప్పలేదు. ఆ వారం అందరం భోజనాలు మానుకుని వచ్చి గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చున్నాం. ఆ తర్వాత నుంచి ప్రతి క్లాసు టైమునూ మన గడియారం ప్రకారమే రాసి పంపమని అడిగాం.

మొదటి రెండు వారాలు పళ్ళ మాటే రాలేదు. అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లున్నాయి, కానీ మౌస్ పట్టుకుంటే చాలామందికి చేయి వణికింది. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో వెతుక్కోవడం, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించకపోవడం, తెలుగులో టైప్ చేయడం నేర్చుకున్నాం. నెమ్మదిగా సాగినందుకు కొందరు విసుక్కున్నారు. నాకైతే ఆ రెండు వారాలే గట్టి పునాది అనిపించింది.

తర్వాత పళ్ళ నంబర్లు. ప్రపంచ దంతవైద్య సమాఖ్య పద్ధతిలో ప్రతి పన్నుకూ రెండంకెలు. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది, రెండోది మధ్య నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. కుడి, ఎడమ అంటే రోగి కుడి, రోగి ఎడమ. మన దగ్గర పెద్ద డాక్టర్లు కొందరు ఇప్పటికీ కూడిక గుర్తులా గీత గీసి మూలల్లో అంకె వేస్తారు. అమెరికా పద్ధతిలో 1 నుంచి 32 వరకు వరుసగా లెక్కపెడతారు. దీనివల్ల వచ్చే ప్రమాదం చూడండి. ఈ రెండంకెల పద్ధతిలో 16 అంటే పై కుడి వైపు మొదటి పెద్ద దవడ పన్ను. అమెరికా పద్ధతిలో 16 అంటే పై ఎడమ వైపు జ్ఞానదంతం. సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిలో ఉందో మొదటి రోజే చూసుకోవాలి.

దీని మీద మాకు పాఠం చెప్పే జర్మన్ టీచరమ్మ చెప్పిన ఒక సంగతి మా జట్టంతా గుర్తుపెట్టుకుంది. జర్మన్ భాషలో 36ని ‘ఆరూ ముప్పై’ అన్నట్టు పలుకుతారట. తొందరలో వింటే 63 అనిపిస్తుంది. 63 అంటే పిల్లల పాలపన్ను. అందుకే వాళ్లు ‘మూడు, ఆరు’ అని అంకెలు విడివిడిగా పలుకుతారు. మనమూ ఇప్పుడు అలాగే పలుకుతున్నాం. ‘త్రీ, సిక్స్’ అని డాక్టరుగారు అంటే, ‘త్రీ, సిక్స్’ అని తిరిగి పలికి అప్పుడు నొక్కుతున్నాం.

ఎక్స్‌రే క్లాసులో చాలా ప్రశ్నలు వచ్చాయి. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టాక, 1896 జనవరిలోనే జర్మనీ దంతవైద్యుడు ఆటో వాల్కాఫ్ తన పళ్ళనే ఎక్స్‌రే తీసుకున్నారు. 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు నోట్లో సెన్సార్ పెట్టి తీసే డిజిటల్ ఎక్స్‌రే, అంటే ఆర్‌వీజీలో బటన్ నొక్కిన కొన్ని సెకన్లకే తెర మీద బొమ్మ వస్తుంది. ఆ సెన్సార్ చాలా ఖరీదైన వస్తువు. దాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. ప్రతి రోగికీ కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయాలి, తొడుగు తీశాక తుడవాలి. వైరు మడత పడకూడదు, కుర్చీ చక్రం కింద పడకూడదు. సెన్సార్ పాడైతే జీతంలో కోస్తారేమోనన్న టెన్షన్ తమకెప్పుడూ ఉండేదని ముగ్గురు చెప్పారు. ఎలా పట్టుకోవాలో ఎవరూ చూపించకుండా ఆ భయం మాత్రం పెట్టడం అన్యాయం. ఈ మాట ఆసుపత్రి యజమానుల సమావేశంలో మన అధ్యక్షులు గట్టిగానే చెప్పారు.

పేర్ల విషయంలో మన పద్ధతి మనమే తయారు చేసుకున్నాం. జర్మనీ వాళ్ల రోగి ఫారంలో పేరు, పుట్టిన తేదీ ఉంటే చాలు. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు, ఫోన్ నంబరు కొడుకుది. అందుకని ఇంటిపేరు పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా రాస్తాం. ఊరి పేరు, తండ్రి లేదా భర్త పేరు తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలుపెట్టిన డిజిటల్ ఆరోగ్య మిషన్ కింద 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉన్నవారిది అదీ రాస్తాం. ఎక్స్‌రే తీసే ముందు ‘మీ పేరు ఇదేనా’ అని అడగకుండా ‘మీ పేరు, ఊరు చెప్పండి’ అని అడుగుతాం. మొదటి ప్రశ్నకు సగం మంది చెవిన పడకుండానే తల ఊపేస్తారు.

ఇక నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన భాగం.

మన తీరప్రాంతపు పల్లెల్లో అడ్డచుట్ట సంగతి మీకు తెలుసు. నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చడం, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయిన పరిశోధన కోసం మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అందులో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా వంటి పెద్ద శాస్త్రవేత్తలు ఉన్నారు. అడ్డచుట్ట వేడికి అంగిలి మీద వచ్చే తెల్లని పొరలు, ఎర్రని మచ్చలు, పుండ్ల గురించి ప్రపంచానికి వివరంగా తెలియడంలో మన అవ్వల నోళ్ల పాత్ర ఉంది. విదేశీ సహకారం మన జిల్లాకు కొత్త కాదని నేను అంటున్నది ఇందుకే. ఆ జర్మన్ టీచరమ్మకు ఈ అలవాటు గురించి అసలు తెలియదు. మన జట్టులోని నలుగురు అమ్మాయిలు ఒక రోజు ఆవిడకే పాఠం చెప్పారు.

అంగిలిని ఫొటో తీయడం తేలిక కాదు. అద్దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి తీయాలి, లేకపోతే ఊపిరికి మసకబారుతుంది. గాజుగుడ్డతో తడి అద్దాలి. ఒకరు అద్దం పట్టుకోవాలి, ఇంకొకరు కెమెరా. అద్దంలో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ తిప్పి సేవ్ చేయాలి. లేదంటే కుడి వైపు మచ్చ ఎడమకు పోతుంది.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి పన్ను పోటుతో వచ్చిన ఒక మామ్మ దగ్గర మన అమ్మాయి ఇది చేసింది. “ఏటమ్మా, నా నోరు పోటో తీసి ఏటి సేస్తావు?” అని ఆవిడ అడిగింది. “డాక్టరుగారికి చూపిస్తాను మామ్మా. మీ ముఖం పడదు, అంగిలి ఒక్కటే. వద్దంటే తీయను” అని చెప్పింది. మామ్మ కాసేపు ఆలోచించి నోరు తెరిచింది. అంగిలి మీద తెల్లని పొర ఉంది. డాక్టరుగారు ఆ ఫొటోను నోటి వ్యాధుల నిపుణులకు పంపారు. చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో క్యాన్సర్ లేదని తేలింది. చుట్ట మానమని చెప్పి, ఆరు నెలలకోసారి రమ్మన్నారు. రెండోసారి తీసిన ఫొటోను మొదటిదాని పక్కన పెట్టి చూశారు. ఆ రెండు బొమ్మలు ఒకే కోణంలో, ఒకే వెలుతురులో ఉండటం మన అమ్మాయి పనితనం.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతం సంగతి కూడా ఇలాంటిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మామూలు నొప్పి మాత్రల్లో చాలా వాటితో ప్రమాదం. డయాలసిస్ చేయించుకునేవారికి ఆ రోజు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కాబట్టి అదే రోజు పన్ను తీయకూడదు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. కవిటి, సోంపేట, మందస, పలాస వైపు నుంచి వచ్చేవారిని ఈ మూడూ అడగాలి. వాళ్ల ఫారంలో ఈ ప్రశ్నలు ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మనం పైకి తెచ్చాం, ఎర్ర రంగు వేశాం. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాక చాలామంది దగ్గర అక్కడి కాగితాలు ఉంటున్నాయి. వాటిని అడిగి స్కాన్ చేసి రికార్డులో పెట్టడం ఇప్పుడు మనవాళ్ల పనిలో భాగం.

రోగుల ఫొటోల గోప్యత మీద క్లాసు జరిగిన రోజు గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎక్స్‌రేలు, నోటి ఫొటోలు పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మనందరికీ అలవాటైపోయింది. యూరప్‌లో 2018 మే నుంచి దీని మీద కఠినమైన నియమాలున్నాయి. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సొంత ఫోన్‌తో ఫొటో తీయకూడదని, పంపాల్సి వస్తే పేరు తీసేయాలని, రోగి ఒప్పుకోవాలని జట్టు తీర్మానం చేసుకుంది.

జరగనివి కూడా చెప్పాలి. మొదట చేరినవారిలో నలుగురు మధ్యలో ఆగిపోయారు. అందరూ చంటిపిల్లల తల్లులే. మధ్యాహ్నం ఆ రెండు గంటలే వాళ్లు ఇంటికి వెళ్లి వచ్చే సమయం. ఆ సంగతి మేం ముందుగా ఆలోచించలేదు, అది కమిటీ తప్పు. ఒక ఆసుపత్రి తన అసిస్టెంట్లను పంపడానికి ఒప్పుకోలేదు. నేర్చుకుంటే వేరేచోటికి పోతారని వారి భయం. మనం ఇచ్చిన సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు లేదు, ఈ సంగతి చేరేటప్పుడే అందరికీ చెప్పాం. నేర్చుకున్నాక జీతం పెరిగినవాళ్లు ఇద్దరే. ఇది నన్ను బాధిస్తోంది. జర్మనీ పంపుతారా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఎవరినీ పంపలేదు, పంపుతామనీ చెప్పలేదు.

కరెంటు పోవడం గురించి ఒక క్లాసంతా పెట్టుకున్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనం మరిచిపోలేదు. రికార్డులకు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరేచోట ఉంచాలన్నది వాళ్ల పాఠం. కరెంటు లేని రోజుకు అచ్చు ఫారాలు కట్టగా ఉంచి, తర్వాత ఎక్కించడం మన పాఠం. అదీ వాళ్లు రాసుకున్నారు.

మిగతా పనులు: మూడు పల్లెల్లో పళ్ళ పరీక్షల శిబిరాలు జరిపాం. రథసప్తమికి అరసవల్లిలో మజ్జిగ పంచాం. జబ్బుపడిన ఇద్దరు సభ్యుల కుటుంబాలకు సాయం అందించాం. జమాఖర్చుల పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు.

రెండో జట్టు సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. ఈసారి క్లాసులు రికార్డు చేసి ఇస్తాం, ఆగిపోయిన నలుగురినీ మళ్ళీ పిలిచాం. పాత ల్యాప్‌టాప్ ఇవ్వగలిగినవారు కోశాధికారికి చెప్పండి.

ఇంకొక పని అందరిదీ. వాళ్ల ఫారంలో నొప్పిని సున్నా నుంచి పదిలోపు అంకెతో చెప్పమంటారు. మనవాళ్లు అంకె చెప్పరు. ‘జివ్వుమంటోంది’ అంటారు, ‘సలుపుతోంది’ అంటారు, ‘పోటు’ అంటారు. ఒక్కో మాట ఒక్కో రకం నొప్పి. రికార్డులో ఆ మాటే ఉండాలని, అలాంటి మాటల పట్టిక తయారు చేస్తున్నాం. మీ ఊళ్లో, మీ ఇంట్లో పెద్దవాళ్లు పన్ను నొప్పిని ఏ మాటతో చెబుతారో ఒక చీటీ మీద రాసి సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. చీటీ మీద ఊరి పేరు తప్పకుండా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి